పోచారం కట్ట మీద ఒక నవ్వు

టీవీలో ఆ రకం సినిమా మొదలైతే నేను లేచి బయట కుర్చీ వేసుకుంటాను. ఏ రకం అంటారా? అబ్బాయి అమ్మాయి వెంట పడతాడు. అమ్మాయి వద్దంటుంది. జనం నవ్వుతారు. మళ్లీ వద్దంటుంది, మళ్లీ నవ్వుతారు. వీడు ఆమె ఎక్కే బస్సే ఎక్కుతాడు, ఆమె చేసే ఆఫీసులోనే తేలతాడు, ఆమె ఫోన్ గుంజుకుంటాడు. ఆఖరికి ఆమెకు ఇంకొకడితో నిశ్చితార్థం జరుగుతుంటే స్టేజీ ఎక్కి నాలుగు జోకులు వేస్తాడు. ఆమె వేలికున్న ఉంగరం తీసి పళ్లెంలో పెట్టి వీడి పక్కకు వచ్చి నిలబడుతుంది. పెద్దలంతా చప్పట్లు కొడతారు. శుభం.

మా ఎల్లారెడ్డి దిక్కు ఒక ఆడపిల్ల వేలికి తొడిగిన ఉంగరం తీసి పళ్లెంలో పెట్టడం అంటే ఏమిటో ఆ సినిమాలు తీసేవాళ్లకు ఎవరైనా చూపిస్తే బాగుండును. సినిమాలో రెండు నిమిషాల పని. ఇక్కడ ఆ పనికి రెండు ఊళ్ల పెద్దలు కూర్చోవాలి. ఆ పిల్లకు ఏ రోగముందో, ఎవడితో తిరిగిందో మూడో ఊరివాళ్లు కూడా చెప్పుకోవాలి.

వయసు మీద పడ్డాక ఈయనకు కోపం ముక్కు మీదికొచ్చిందని మా ఇంట్లో అంటారు. వస్తే రానివ్వండి. ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. డ్రోన్ డబ్బా మోసుకుంటూ పెళ్లిళ్ల వెంట తిరిగే కుర్రాళ్లు ముఖ్యంగా వినాలి. మీకు పని నేర్పినవాళ్లకు పని నేర్పినవాణ్ని నేను.

కామారెడ్డిలో వీడియో స్టూడియో నడిపాను. క్యాసెట్ల రోజుల్లో పెళ్లికూతురు బొట్టులోంచి పెళ్లికొడుకు ముఖం తేలుతూ వచ్చేలా మిక్సింగు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. నవ్వకండి, మీ అమ్మానాన్నల క్యాసెట్లోనూ అదే ఉంటుంది. తర్వాత సీడీలు వచ్చాయి, పెన్‌డ్రైవులు వచ్చాయి, ఫంక్షన్ హాళ్లలో గోడంత ఎల్‌ఈడీ తెరలు వచ్చాయి. ఆ తెర మీద వేయడానికి ఒక ప్రేమ కథ కావాల్సి వచ్చింది.

చిక్కేమిటంటే, మా దగ్గర ఎక్కువగా కుదిర్చిన సంబంధాలే. పిల్లను చూసిపోతారు, నచ్చితే పూలు పండ్లు పెట్టి ఖాయం చేసుకుంటారు, ఆ తర్వాత ఎంగేజ్‌మెంటు. ఆ ఇద్దరూ అప్పటికి కలిసి ఒక చాయ్ తాగి ఉంటే గొప్ప. మరి ప్రేమ ఎక్కడిది? మేం కుట్టి ఇచ్చేవాళ్లం. కొలతలు తీసుకుని చొక్కా కుట్టే దర్జీకీ మాకూ పెద్ద తేడా లేదు. అబ్బాయి బస్టాండులో అమ్మాయిని చూస్తాడు. వెంట పడతాడు. ఆమె మూతి తిప్పుతుంది. ఆ తిప్పిన చోట స్ప్రింగు లాగి వదిలినట్టు ‘టొయ్ఁ’ అని ఒక శబ్దం వేస్తాం. చివరికి ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు దగ్గర బొమ్మ ఆపి చుట్టూ గుండె ఆకారం గీస్తాం. హాల్లో ఈలలే ఈలలు. ఎంగేజ్‌మెంటు ఎవరిదైనా అచ్చు మాత్రం అదే.

నా దగ్గర ఎడిటింగు చేసే ఆమె బీర్కూర్ నుంచి వచ్చింది. పెళ్లయి ఇద్దరు పిల్లలు. మాట తక్కువ, చెయ్యి వేగం. నేను ముప్పావు గంట మాట్లాడి చెప్పలేనిది ఆమె ఒక్క కత్తిరింపులో చూపించేది. సీజన్లో ఊపిరాడని పని కాబట్టి సినిమా తయారవగానే మిగిలిన షూటింగంతా చెరిపేసి, కెమెరా మెమరీ కార్డులు తర్వాతి పెళ్లికి సిద్ధం చేయడం మా అలవాటు. ఈ అలవాటు గుర్తుంచుకోండి, తర్వాత నా మెడకే చుట్టుకుంది.

నేను చెప్పబోయే సంబంధంలో అమ్మాయిది ఎల్లారెడ్డి అవతల ఒక చిన్న ఊరు. తండ్రికి కొంచెం పొలం, చాలక కూలీ కూడా. అమ్మాయి చదువుకుని కామారెడ్డిలో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేసేది. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి. అబ్బాయి బాన్సువాడ దిక్కు వాడు, వరికోత మిషన్లు నడిపించేవాడు. మంచి ఒడ్డూ పొడుగూ, మాటకు ముందు నవ్వు. వాడితో పాటు ఎప్పుడూ వాడి అక్క మొగుడు ఉండేవాడు. బావ ఏదంటే అదే ఆ ఇంట్లో.

అబ్బాయి స్టూడియోకు వచ్చినప్పుడే ఫోన్లో సినిమా ముక్కలు కోసుకుని తెచ్చుకున్నాడు. "అన్నా, గిట్ల కావాలె. పిల్ల నన్ను ఛీ పో అనాలె, నేను వదలొద్దు. జనం పొట్ట చెక్కలు గావాలె" అన్నాడు. నాకు ముచ్చటేసింది కూడా. ఇంత ఇష్టంగా పని చెప్పే గిరాకీ మాకు అరుదు.

షూటింగు పోచారం ప్రాజెక్టు కట్ట మీద పెట్టుకున్నాం. అమ్మాయి తోడుగా వాళ్ల చిన్నమ్మ వచ్చింది. నాట్ల పనికీ కలుపు పనికీ పోయే మనిషి, కూలీ వదులుకుని వచ్చి సద్ది డబ్బాతో నీడన కూర్చుంది. మధ్యాహ్నం దాకా బాగానే సాగింది. మూతి తిప్పమంటే తిప్పింది, నడవమంటే నడిచింది. చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్ల. నాకు తెలిసినంతలో ఆ సంబంధం మీద ఆమెకు అప్పటికి అయిష్టమేమీ లేదు.

సాయంత్రం కావస్తుండగా ఆమె ఫోన్ మోగింది. ల్యాబు నుంచి. మాట్లాడి పెట్టేసిందో లేదో, అబ్బాయి వెనక నుంచి వచ్చి ఫోన్ గుంజుకున్నాడు. ఇది నేను చెప్పిన సీను కాదు.

"ఎవరు చేసిండ్రు? పేరు చెప్పు, ఇస్త" అన్నాడు నవ్వుతూ.

"ల్యాబోళ్లు. ఇయ్యుండ్రి, మళ్ల చేస్తరు."

వాడు చెయ్యి పైకెత్తాడు. ఆమె అందుకోబోయింది, అందలేదు. వాడు ఇంకో చేతికి మార్చాడు. ఆమె ముఖం ఎర్రబడింది. నాకు కెమెరాలో అది అద్భుతంగా కనిపించింది. పొద్దున్నుంచి తీసిందంతా ఒకెత్తు, ఇది ఒకెత్తు. "ఆపకుండ్రి, మస్తు వస్తున్నది" అని నేనే అరిచాను.

"కాకా, కెమెరా బందు చెయ్యి జర" అంది అమ్మాయి నా వైపు తిరిగి.

"ఒక్క నిమిషం బిడ్డా, వెలుగు పోతున్నది" అన్నాను.

ఆమె పోయి కట్ట రాయి మీద కూర్చుని నీళ్ల దిక్కు చూసింది. అబ్బాయి ఫోన్ తెరిచి వేలితో పైకీ కిందికీ జరుపుతూ, "అలిగింది అన్నా, మంచిగున్నది, తియ్యి" అన్నాడు. నీడన ఉన్న చిన్నమ్మ లేచి వచ్చింది. "దాని ఫోన్ దానికియ్యరాదు కొడుకా. బస్సు పోతది, ఆఖరు బస్సు" అంది. వాడు ఆమెతోనూ నవ్వులాడాడు గానీ ఇవ్వలేదు.

నాకు ఇంకా చివరి నవ్వు బాకీ ఉంది. అది లేకుండా కథ ముగియదు. అందుకని పెళ్లి స్టేజీల మీద కొన్ని వేల మందితో అన్న మాటే అన్నాను. "ఒక్క నవ్వు నవ్వు బిడ్డా. నవ్వినవంటే ఫోన్ ఇస్తడు, అందరం ఇండ్లకు పోదం."

ఆమె నన్ను చూసింది, చిన్నమ్మను చూసింది, పొద్దు ఎంత వాలిందో చూసింది. లేచి నవ్వింది. వాడు ఫోన్ ఇచ్చాడు. ఆ నవ్వు నేను కెమెరాలోకి తీసుకున్నాను.

స్టూడియోలో ఆ ముక్క దగ్గర ఎడిటర్ ఆపేసింది. ముందుకూ వెనక్కూ నాలుగైదుసార్లు తిప్పి చూసింది.

"సార్, ఈ పిల్ల నవ్వుతలేదు."

"పండ్లు కనవడుతున్నయి గదా."

"పండ్లు కనవడుతున్నయి. నేను గట్ల మా అత్తగారింట్ల నవ్వుత."

"టొయ్ఁ వెయ్యమ్మా, సరిపోతది. ఎల్లుండికే ఇయ్యాలె" అన్నాను. ఆమె వేసింది. ఫోన్ పైకెత్తిన చోట ఒకటి, ఆమె మొహం తిప్పిన చోట ఒకటి. అలవాటు ప్రకారం మిగిలినదంతా చెరిపేశాం.

ఎల్లారెడ్డి ఫంక్షన్ హాల్లో ఆ సినిమా పడ్డప్పుడు జనం కుర్చీల్లో దొర్లారు. టొయ్ఁ అన్నప్పుడల్లా పిల్లలు మళ్లీ అరిచారు. అబ్బాయి బావ ఈల వేశాడు. అమ్మాయి తండ్రి, పాపం, ముందు వరసలో కూర్చుని చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. తన బిడ్డ గోడంత పెద్దగా కనిపిస్తే ఏ తండ్రికి సంతోషం కాదు? స్టేజీ మీద అమ్మాయి మాత్రం ముందున్న పళ్లెం చూస్తూ కూర్చుంది. అందరూ సిగ్గు అనుకున్నారు. ఆ హాల్లో అందరికన్నా మంచి కెమెరా ఉన్నవాణ్ని, నేనూ సిగ్గే అనుకున్నాను.

తర్వాత సంగతులు నాకు ఆలస్యంగా తెలిశాయి. అబ్బాయి కామారెడ్డి రావడం మొదలుపెట్టాడు. ల్యాబు ముందు నిలబడి, ఆమె బయటికి రాగానే ఫోన్ గుంజుకోవడం, అందులో నంబర్లు తీసేయడం. అడిగితే, "మన సినిమల సీనే గదా" అని నవ్వడం. ఒకనాడు రక్తం ఇవ్వడానికి వచ్చిన జనం అందరూ చూస్తుండగా లోపలికే వచ్చి, ఆమె పెళ్లయ్యాక పని మానేస్తుందని ఆమె పై డాక్టరుకు తనే చెప్పేశాడు. ఆమెకు ఆ సంగతి డాక్టరు అడిగితే తెలిసింది. ఆ సాయంత్రమే ఊరికి పోయి తండ్రితో ఈ పెళ్లి వద్దంది.

తండ్రి చెవిన పెట్టలేదు. ఇచ్చిన మాట ఎలా తప్పుతానని తిప్పలు పడ్డాడు. ఆమె అన్నం మానేసింది. చివరికి ఆయన, "పెద్దలల్ల పెడుదం. వాళ్లెట్లంటే అట్ల" అన్నాడు. అబ్బాయి వాళ్లు కూడా సరేనన్నారు. పిల్లకు ఇష్టం లేదని తేలితే ఆ రోజే ఉంగరం వెనక్కి, తేలకపోతే ఆ రోజే పెళ్లి ముహూర్తం. ఆ పిల్ల బతుకు ఒక పూటలో తేల్చేస్తామన్నారు.

అప్పుడు వచ్చాడు బావ నా స్టూడియోకు. మిఠాయి డబ్బా టేబుల్ మీద పెట్టాడు.

"నువ్వు తీసిన సినిమనే మాకు సాక్ష్యం. ఇష్టం లేని పిల్ల గట్ల నవ్వుతదా? పెద్దలకు చూపిస్తం. నువ్వొచ్చి, పిల్ల మనసుపడి చేసిందని ఒక్క మాట చెప్పు. మా దిక్కు పెండ్లిండ్లన్ని ఇగ నీకే."

ఆయన పోయాక ఎడిటర్ కుర్చీ తిప్పకుండానే అడిగింది. "ఏం చెప్తరు సార్?"

పెద్ద గిరాకీ పోతుందన్న బెంగ లేదంటే అబద్ధం. మేం చేసేదంతా కట్టు కథేనని నలుగురి ముందు ఒప్పుకుంటే రేపు స్టూడియో మెట్లెక్కేవాడు ఎవడు? "పోయి చూద్దం" అన్నాను.

"నేను గూడ వస్త" అంది ఆమె. అడగలేదు, చెప్పింది.

అమ్మాయి వాళ్ల వాకిట్లో తడక పందిరి కింద చాపలు పరిచారు. సిమెంటు గద్దె మీద టీవీ పెట్టారు. పెద్దమనిషిగా పిలిపించినాయన రెండు ఊళ్లకూ కావలసినవాడు, డెబ్బై దాటినవాడు. మాట నెమ్మది. ఎవరి దగ్గరా చెయ్యి చాచడని పేరు. చొక్కా జేబులో దారం కట్టిన చిన్న బటన్ల ఫోన్. అమ్మాయి పొద్దుటి డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి వచ్చి, గడపలో చిన్నమ్మ పక్కన నిలబడింది.

సినిమా పెట్టారు. నేను అక్కడున్న వాళ్ల ముఖాలు చూస్తున్నాను. ఒక పిల్ల నాకు ఈ పెళ్లి వద్దు మొర్రో అంటే తేల్చడానికి కూర్చున్న మనుషులు వాళ్లు. ఫోన్ పైకెత్తే చోటు వచ్చింది. టొయ్ఁ.

నవ్వారు. అందరూ నవ్వారు. పెద్దమనిషి కూడా ఫక్కున నవ్వి, మర్యాదకు దగ్గాడు.

గడపలో అమ్మాయి ముఖం చూశాను. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ శబ్దం నా దగ్గర ఒక ఫోల్డర్లో ఉంటుంది. దాన్ని ఎక్కడ వేస్తే అక్కడ జనం నవ్వుతారు. ఏడ్చే మనిషి మీద వేసినా నవ్వుతారు. ఇన్నేళ్లు దాన్ని పనితనం అనుకున్నాను.

"ఆపుండ్రి" అన్నాను. లేచి నిలబడి చెప్పాను. ఆ ప్రేమ కథ ఉత్తదని, ఆ ఫోన్ గుంజుడు సీను కాదని, ఆమె కెమెరా ఆపమందని, ఆ నవ్వు నేను అడిగి నవ్వించిందని.

బావ ఒక్కసారిగా మీదికి వచ్చాడు. "వాళ్ల దగ్గర ఏం తిన్నవ్? నిన్నటిదాక ఒక తీరు, ఇయ్యాల ఒక తీరా? సరే, ఆమె వద్దన్న వీడియో ఉంటది గదా. చూపియ్యి."

"లేదు. చెరిపేసినం."

"విన్నరా?" అన్నాడు వాడు అందరికేసి తిరిగి.

చిన్నమ్మ గడపలోంచి, "నేనక్కడనే ఉన్న. పిల్ల ఏడ్వనీకె తక్కువుండె" అంది. "ఆడోళ్ల ముచ్చట తర్వాత" అన్నారెవరో. తర్వాత అంటే ఎప్పుడో ఎవరూ చెప్పలేదు.

పెద్దమనిషి నెమ్మదిగానే అన్నాడు. "నువ్వు చెప్పేది చెప్తున్నవయ్యా. కని కండ్లకు కనవడ్డదాన్ని ఎట్ల కాదందం? పిల్ల నవ్వుతున్నది గదా."

అది పిడుగు పడ్డట్టున్న మాట కాదు, చాలా మామూలు మాట. అందుకే ఒళ్లు మండింది. ఇంక చెప్పి లాభం లేదనిపించింది. ఆయన ముందుకు పోయి, చొక్కా జేబులోంచి ఫోన్ తీసుకున్నాను. వెనక్కి చూస్తే ఎడిటర్ అప్పటికే తన ఫోన్ ఎత్తి పట్టి తీస్తోంది. ఆమెకు నేనేమీ చెప్పలేదు.

"ఏందయ్యా ఇది? ఫోన్ ఇటియ్యి" అన్నాడు పెద్దమనిషి.

నేను చెయ్యి పైకెత్తాను. "ఎవరు చేస్తరు బాపు నీకు ఫోను? పేరు చెప్పు, ఇస్త."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమనిషి లేచి అందుకోబోయాడు. నేను ఇంకో చేతికి మార్చాను. ఇద్దరు ముగ్గురు బాహాటంగా నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"నా మనుమరాలు దవఖానల ఉన్నది, ఫోనొస్తది. ఇయ్యంటున్న. పెద్దమనిషితోని మజాకులా?" అని మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

ఆ ఊళ్లో ఆయనతో ఆ మాట అనిపించుకుని బయటపడ్డవాడు లేడు. అయినా అన్నాను. "ఒక్క నవ్వు నవ్వు బాపు. నవ్వినవంటే ఇస్త, అయిపోతది."

ఆయన నన్ను, నవ్వుతున్న జనాన్ని చూశాడు. పీడ వదిలితే చాలన్నట్టు పళ్లు చూపించాడు. ఫోన్ ఆయన చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించి పక్కకు జరిగాను. బావ నన్ను కొట్టడానికే లేచాడు గానీ, పెద్దమనిషే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. ఎందుకు చేసిండో చెప్పనియ్యి."

ఎడిటర్ అరుగు మూల కూర్చుని వేళ్లు ఆడించింది. చాయ్ గ్లాసులు తిరిగి వచ్చేలోపు తన ఫోన్‌ను టీవీకి తగిలించింది. తెర మీద పెద్దమనిషి. చెయ్యి చాస్తున్నాడు, అందడం లేదు, టొయ్ఁ. మొహం తిప్పాడు, టొయ్ఁ. వెనక సన్నగా పిల్లనగ్రోవి. చివర నవ్వాడు. బొమ్మ ఆగింది, చుట్టూ ఎర్ర గుండె.

వాకిలంతా పగలబడి నవ్వింది. అబ్బాయి బావ కూడా ఆపుకోలేక నవ్వాడు. నవ్వనివాడు ఒక్క పెద్దమనిషే. తెర మీది తన బొమ్మను చాలాసేపు చూశాడు.

"నేను నవ్వలే" అన్నాడు. ఎవరికీ వినిపించలేదు. గొంతు పెంచాడు. "నేను నవ్వలేదుర. నా ఫోన్ నాకు రావాలని పండ్లు జూపిన."

నవ్వు ఆగిపోయింది.

"ఆ పిల్లా గంతే బాపు. ఫోన్ రావాలని, బస్సు దొరకాలని" అన్నాను.

"ముసలాయనకూ వయసు పిల్లకూ పోలికేంది?" అని బావ మొదలుపెట్టాడు గానీ, ఈసారి అతని పక్కవాళ్లే ఊరుకోమన్నారు. అప్పటిదాకా కిమ్మనకుండా కూర్చున్న అబ్బాయి నోరు విప్పాడు. వాడి గొంతులో కోపం కూడా లేదు, నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. "అందరు నవ్విండ్రు గదా. ఆనాడు హాల్ల ఆమె నాయిన గూడ నవ్విండు. సినిమల గిట్లనే చేస్తరు. నేను చేసిన తప్పేందో చెప్పుండ్రి."

తండ్రి తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. వాడికి సినిమాలు నేర్పాయి, మేం కట్ట మీద నిలబెట్టి సాధన చేయించాం, హాలు నిండా జనం శభాష్ అన్నారు. ఇప్పుడు ఒక్కసారిగా తప్పంటే వాడికి ఎలా ఎక్కుతుంది? అలాగని వాడి మీద జాలి పడమని కాదు. ఇంత ఒడ్డూ పొడుగూ పెరిగినవాడికి, ఇయ్యమన్న ఫోన్ ఇవ్వాలని తెలియకపోవడమేమిటి?

పెద్దమనిషి గడప దిక్కు తిరిగాడు. "నీ మాటేంది బిడ్డా?"

"నాకొద్దు" అంది.

"ఉంగరం తెండ్రి" అన్నాడాయన.

పళ్లెంలో ఉంగరం, పెట్టిన బట్టలు తెచ్చారు. అటువాళ్లవి అటు, ఇటువాళ్లవి ఇటు. చప్పట్లు లేవు. బావ మా వైపు చూడకుండా జీపెక్కాడు. బావ ఇచ్చిన మిఠాయి డబ్బా నా కారులోంచి తెప్పించి వాళ్ల జీపు సీటులో పెట్టించాను.

ఆ దిక్కు నుంచి మళ్లీ ఒక్క పెళ్లి రాలేదు. అవన్నీ ఉత్త కథలేనని నేనే చెప్పానన్న మాట కామారెడ్డి దాకా పాకింది. పోతే పోయింది. స్టూడియో కొన్నాళ్లకు ఎడిటర్ చేతిలో పెట్టి నేను ఇంటిపట్టున ఉన్నాను. ఆమె ఇప్పుడూ ప్రీ వెడ్డింగులు చేస్తుంది. మంచి పేరుంది. ఆ ఫోల్డర్ మాత్రం తీసేసింది. ఆడపిల్ల కెమెరా ఆపమంటే ఆమె ఆపుతుంది. గిరాకీ కస్సుమంటే, వేరే స్టూడియో చూసుకొమ్మంటుంది. ఇది గొప్ప సూత్రమేమీ కాదు, ఒక వేలితో చేసే పని. మీలో ఎంతమంది చేస్తున్నారు? మొన్న కూడా ఒక రీలు చూశాను. అమ్మాయి చున్నీ పట్టి లాగుతున్నాడు, ఆమె రెండు చేతులూ అడ్డం పెడుతోంది, కింద నవ్వే బొమ్మలు. ఆ చేతులు మీకు కనిపించలేదా? కెమెరా పట్టింది దేనికి మరి?

ఆ రోజు పెద్దలంతా లేచాక, నేను ఒక మంచి మాట వింటాననే అనుకున్నాను. దాచుకోవడం ఎందుకు, లోపల కొంచెం గర్వంగానే ఉంది. అమ్మాయి ముఖం కడుక్కుని, తెల్ల కోటు మడిచి సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం డ్యూటీకి బయలుదేరింది. నా దగ్గర ఆగింది.

"కాకా, నెల సంది నేను ఇదే చెప్తున్న" అంది. "నాయినకు చెప్పిన. అవ్వకు చెప్పిన. కట్ట మీద నీకు గూడ చెప్పిన. ఆ పెద్దాయన ఒక్కసారి ‘నేను నవ్వలే’ అంటే సరిపోయింది."

ఆమె గొంతు పెంచలేదు. చిన్నమ్మ వెనక నిలబడి నా ముఖంలోకే చూస్తోంది. కారులో కామారెడ్డి దాకా దింపుతానన్నాను.

"వద్దు" అంది.

నేను రెండోసారి అడగలేదు. ఇద్దరూ బస్సు కోసం రోడ్డు మీదికి నడిచారు.